గంట మోగదు, కిటికీ తట్టండి

అక్కా,

నువ్వూ బావగారూ బాగున్నారనుకుంటూ అసలు విషయానికి వస్తున్నాను. దయచేసి మా చేతిసంచులు కొనడం ఆపు.

ఆన్‌లైన్ ప్రకటనల మీద రూపాయి పెడితే నాలుగింతల అమ్మకం రావాలని నీ మరిది లెక్క కట్టారు. తోలు, కుట్టుకూలి, పార్సిలు పోను, అంతకు తగ్గితే నష్టమే. మొదటి నెల రెండింతలు కూడా రాలేదు. భోజనం దగ్గర కూడా ఫోనే చూసుకునేవారు. ఈ నెల సరిగ్గా నాలుగింతలొచ్చింది. ఎగిరి గంతేసి ప్రకటనల ఖర్చు రెట్టింపు చేశారు. సోమవారం ఉద్యోగానికి రాజీనామా ఇస్తానంటున్నారు. నాకు మాత్రం ఆ అమ్మకాల మీద నమ్మకం లేదు.

ఎందుకంటే పార్సిళ్ళ మీద చిరునామాలు రాసేది నేనే. పేర్లు వేరు, ఇళ్ళు వేరు. కానీ సగం ఆర్డర్ల కింద పార్సిలు తెచ్చేవాడికి ఒకటే మాట: "గంట మోగదు, కిటికీ తట్టండి." ఆ మోగని గంట మీ ఇంటిదేగా? తెలిసినవాళ్ళ పేర్లతో అన్నీ నీ ఫోన్ నుంచే పెట్టావు కదూ? అందుకే నీ ఇంటి సూచన అన్నిటికీ దానంతటదే అంటుకుంది.

నీ ప్రేమ నాకు తెలుసు. కానీ దాన్ని గిరాకీ అనుకుని ఆయన గోతిలోకి నడుస్తున్నారు.

నిన్న చెబుదామని నోరు తెరిచాను. ఆయన పార్సిలుకి టేపు అంటిస్తూ తలెత్తి, "చూశావా? ఇన్నాళ్ళూ అయినవాళ్ళు మొహమాటానికి కొన్నారు. ఇప్పుడు ముక్కూమొహం తెలియనివాళ్ళు కొంటున్నారు" అన్నారు.

కత్తెర అందించాను. ఆదివారంలోపు నువ్వే వచ్చి చెప్పక్కా.

నీ చెల్లి