వార్నిష్ ఆరే చోటు

జూన్ 2

లెన్స్ డాక్టరు గారు ఇవాళ ఈయన పాత లెన్సు తెచ్చిచ్చారు. కెమెరాలు బాగుచేసే చిన్న దుకాణం ఆయనది. అందరూ అలాగే పిలుస్తారు. ఈయనకి బడినాటి స్నేహితుడు, నాకు అన్నయ్య వరస. లెన్సంతా విప్పి, లోపలి మసక తుడిచి, కొత్త గ్రీజు పెట్టారట. కొన్నాళ్ళు రెండు వైపులా మూతలు తీసి క్యాబినెట్‌లో ఉంచమన్నారు. రోజూ ఒకసారి రింగు తిప్పమన్నారు. తిప్పినప్పుడల్లా లెన్సు ఊపిరి పీల్చి వదులుతుందట, లోపలి చెమ్మ పోతుందట.

ఈయన టార్చి వేసి చూసి, ఒరే, నీ చేతికి దణ్ణం పెట్టాలిరా అన్నారు. అత్తగారు మంచం మీంచి, ఇన్ని కళ్ళు కొన్నావు కదరా, ఒక్కదానితోనైనా నా మొహం చూశావా అని అడిగారు. నిజమే. ఈయన ఫొటోలు తీసేది ఎక్కువగా లెన్సులకే. ఒక లెన్సుతో ఇంకో లెన్సుకి.

వెళ్తూ వెళ్తూ డాక్టరు గారు, నా గాలపు కర్ర ఎంతవరకు వచ్చింది చెల్లెమ్మా అన్నారు. ఇక వార్నిష్ ఒక్కటేనండీ అన్నాను. అయితే వానలు పడేలోగా ఏటి ఒడ్డున నిలబడతానన్న మాట అని చిన్నపిల్లాడిలా చేతులు రుద్దుకున్నారు.

జూన్ 4

నాకు ఈ గాలపు కర్రల పిచ్చి పట్టించింది డాక్టరు గారే. ఆయన పాత కర్ర మీద పట్టుదారం ఊడిపోతే, కుట్టుపని తెలిసినదానివి కదా, కాస్త చుట్టిపెట్టమ్మా అని తెచ్చారు. చుట్టాను. ఆ తర్వాత వెదురు చీల్చడం కూడా ఆయనే చూపించారు. చీల్చిన బద్దల్ని ఒక్కోటీ మూడు పలకలుగా చిత్రిక పట్టాలి. అలాంటివి ఆరు కలిపి జిగురుతో అతికిస్తే ఒక్క కర్ర. అతుకు కనిపించకూడదు. దాంతో ఈకలు కట్టిన ఉత్తుత్తి ఈగని నీళ్ళ మీదికి విసురుతారు. పట్టిన చేపని మళ్ళీ నీళ్ళలోకే వదులుతానని ఆయన మాట ఇచ్చాకే నేను మొదటి కర్ర మొదలుపెట్టాను.

ఇది నా చేతి కర్రల్లో మంచిది. అందుకే భయం. వార్నిష్‌కి దుమ్ముతో పగ. నా గదిలో ఆరబెడితే వెదురు పొట్టు అంటుకుంటుంది. బాత్రూంలో పెడితే ఈయన తువ్వాలు పీచు. కిందటి కర్రకి ఒక చీమ కూడా అంటుకుంది, పాపం.

ఇంట్లో దుమ్ము లేని చోటు ఒక్కటే ఉంది. ఈయన డ్రై క్యాబినెట్. లెన్సులకి బూజు పట్టకుండా చెమ్మ లేకుండా ఉంచే అద్దాల బీరువా అది. దాని తలుపు మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. ఈయన ఆఫీసుకి వెళ్ళాక పై అర తీసి, మూడు ముక్కలుగా విడదీసిన కర్రని తడి వార్నిష్‌తో నిలబెట్టాను. సాయంత్రం ఈయన వచ్చేలోగా తీసేశాను. అడగలేదు. అడిగితే వద్దంటారు. వద్దన్నాక పెడితే తప్పు. అడక్కముందు పెడితే తప్పు కాదనుకున్నాను.

జూన్ 5

ఒక్క నలుసు లేదు. దేవుడి దయ.

జూన్ 9

ఈయన టార్చి వేసి చూసి మళ్ళీ మసక అన్నారు. పైన తుడిస్తే పోయింది. లోపల పోలేదు. డాక్టరు గారు వచ్చి పట్టుకెళ్ళారు. గ్రీజు ఎక్కువైనట్టుందిరా, దాని ఆవిరే లోపల పట్టేస్తుంది, నాదే తప్పు అని నవ్వేశారు. ఈయన కూడా నవ్వారు.

జూన్ 14

లెన్సు తిరిగొచ్చింది. నీళ్ళలా ఉంది.

జూన్ 15

రెండో పూత. నిన్నటి వానకి గాలి కూడా శుభ్రంగా ఉంది. అయినా అలవాటు ప్రకారం క్యాబినెట్‌లోనే పెట్టాను.

జూన్ 20

ఇవాళ్టిది రాయకుండా ఉండలేను.

ఈయన కబురు పెడితే డాక్టరు గారు వచ్చారు. నేను వంటింట్లో ఉన్నాను. చూడు, నువ్వే చూడు అని ఈయన లెన్సు ఆయన చేతిలో పెట్టారు. ఆయన కిటికీ దగ్గర చాలాసేపు చూశారు. ఈసారి గోటి మీద పట్టేంత గ్రీజు కూడా పెట్టలేదురా అన్నారు. మరి ఈ పొర ఆకాశం నుంచి ఊడిపడిందా అని ఈయన. నీ బీరువాలో ఏముందో చూసుకో అని ఆయన. మిగతావన్నీ నిక్షేపంలా ఉన్నాయి, నువ్వు ముట్టుకున్నదే పోయింది అని ఈయన. ముందు నీ కళ్ళు చూపించుకోరా అని ఆయన.

అప్పుడు ఈయన ఆ మాట అన్నారు. నీ చేతుల పని అయిపోయిందిరా, ఒప్పుకో అన్నారు.

ఈయన గొంతు పెంచి అనలేదు. పెంచి ఉంటే ఆయన కోపం అనుకునేవారు. మామూలుగా అన్నారు కాబట్టి నిజమనుకుని ఉంటారు. డాక్టరు గారు టీ కప్పు కింద పెట్టి లేచారు. చెప్పులు వేసుకునేటప్పుడు గోడ పట్టుకున్నారు. ఇదివరకు పట్టుకునేవారు కాదు.

అత్తగారు గోడవైపు తిరిగి పడుకున్నారు. కాసేపటికి, వాడికి మన ఇంట్లో నీళ్ళు ముట్టే యోగం ఇంతటితో సరి అన్నారు.

జూన్ 27

అత్తగారి మాట తప్పింది. డాక్టరు గారు తనంతట తనే వచ్చారు.

నువ్వన్నదే నిజంరా అన్నారు. గ్రీజు డబ్బా పారేశారట. ఒక స్క్రూ బిగిస్తుంటే రెండుసార్లు జారిందట, ఇదివరకు జారేది కాదట. ఇక లెన్సులు విప్పనన్నారు. బ్యాటరీలు, బెల్టులు, సంచులు అమ్ముకుంటే చాలన్నారు. ఈయన లేచి భుజం చుట్టూ చెయ్యి వేశారు. పోన్లేరా, మనలో మనకేంటి, ఆ లెన్సు ఇంకొకడి చేత తుడిపించుకుంటాలే అన్నారు. ఇద్దరూ టీ తాగారు. అత్తగారు, అలక తీరిందా పెళ్ళికొడుకులకి అంటే ఇద్దరూ బడిపిల్లల్లా నవ్వారు.

ఇల్లు మళ్ళీ తేలికపడింది. ప్రార్థనలో చాలాసేపు కూర్చున్నాను.

జూన్ 29

మూడో పూతకి ముందు, దుమ్ము ఉండకూడదని క్యాబినెట్ తలుపు అద్దం లోపలివైపు తుడిచాను. గుడ్డ జారలేదు, పట్టుకుంది. వేలితో గీస్తే గీత పడింది. వేలు వాసన చూశాను.

నా వార్నిష్.

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. మూసిన బీరువా. ఆవిరి ఎక్కడికి పోతుంది? మిగతా లెన్సులన్నిటికీ రెండు వైపులా మూతలున్నాయి. మూతలు తీసి ఉన్నది ఆ ఒక్కటే. ఈయన రోజూ సాయంత్రం రింగు తిప్పి దానిచేత ఊపిరి పీల్పించారు. నేను పగలంతా వార్నిష్ పట్టించిన గాలిని.

మొదటి పూత, మొదటి మసక. రెండో పూత, రెండో మసక.

మూడో పూత వేయలేదు.

జూలై 1

ఎవరికీ నష్టం లేదని నాకు నేను చెప్పుకున్నాను. స్నేహితులు కలిసిపోయారు. లెన్సు వేరే చోట శుభ్రమవుతోంది. ఇప్పుడు నోరు తెరిస్తే కలిసిన మనసులు మళ్ళీ విరుగుతాయి. ఇదంతా దేవుడికి వివరంగా చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. ఆయన ఏమీ అననప్పుడే నాకు భయం.

కూరగాయలకి వెళ్తూ ఆ దుకాణం ముందు నుంచి నడిచాను. బోర్డు మీద లెన్స్ సర్వీసు అన్న వరస మీద తెల్లరంగు పూశారు. లోపల డాక్టరు గారు ఎవరికో కెమెరా బెల్టు చూపిస్తున్నారు. బల్ల మీద ఎప్పుడూ ఉండే చిన్న దీపం, భూతద్దం లేవు. నన్ను చూసి చెయ్యెత్తారు. నేను తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని వచ్చేశాను.

జూలై 2

ఈయనకి చెప్పేశాను. అన్నం పెడుతూ కాదు, తిన్నాక. తలుపు అద్దం మీద గీత కూడా చూపించాను.

నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. గీతని చూస్తూ కూర్చున్నారు. తర్వాత, అయిపోయిందేదో అయిపోయింది, చల్లారిన బూడిద ఎందుకు కెలకడం అన్నారు. వాడే ఒప్పుకున్నాడు కదా అన్నారు. చేయని తప్పు ఒప్పుకున్నారండీ అన్నాను. వాడికి ఎలాగూ వయసైంది, ఇవాళ కాకపోతే రేపు మానేసేవాడే, నువ్వు ఈ సంగతి ఎక్కడా అనకు అన్నారు.

పెళ్ళయిన దగ్గర్నుంచి ఈయన వద్దన్న పని నేను చేయలేదు. వద్దనకముందే చేసిన పనులున్నాయి.

జూలై 3

కూరలో ఉప్పు మర్చిపోయాను. అందరూ అలాగే తినేశారు. అత్తగారు కూడా.

జూలై 5

దుకాణానికి వెళ్ళాను. ఒక్కదాన్నే.

మొత్తం చెప్పాను. డాక్టరు గారు ఓపిగ్గా విన్నారు. స్టూలు తుడిచి కూర్చోమన్నారు. చివరికి నవ్వి, నీ మనసు నాకు తెలియదా చెల్లెమ్మా అన్నారు. నా బాధ చూడలేక తప్పు నీ నెత్తిన వేసుకుంటున్నావు, నువ్వు చిన్నప్పుడు కూడా ఇంతే అయి ఉంటావు, ఎవరు పలక పగలగొట్టినా నేనే అని నిలబడే రకం అన్నారు. నేను అబద్ధం ఆడనండీ అన్నాను. మంచి కోసం ఆడితే దేవుడు ఏమీ అనుకోడులేమ్మా అన్నారు.

ఒట్టు వేయబోయాను. ఒట్టు వేయడం కూడా తప్పే కదా అని ఆగాను. నా జీవితంలో ఇంత నిజం చెప్పి కూడా నమ్మించలేకపోవడం ఇదే మొదలు.

జూలై 6

నా మాట నమ్మకపోతే వద్దు. అద్దాన్ని నమ్ముతారు.

ఈయన దగ్గర లెన్సు ముందు బిగించే ఫిల్టర్లున్నాయి, పెట్టె విప్పనివి. వట్టి గాజు బిళ్ళలు. రెండు తీసి బాగా తుడిచాను. లెన్సులన్నీ క్యాబినెట్‌లోంచి తీసి మంచం మీద దుప్పట్లో చుట్టాను. కర్రకి మూడో పూత వేసి క్యాబినెట్‌లో నిలబెట్టాను. ఒక ఫిల్టరు దాని పక్కన. రెండోది బట్టల అల్మరాలో.

ఈసారి సాయంత్రం తీయలేదు. ఈయన వచ్చి చూశారు. మంచం మీద లెన్సులు, బీరువాలో కర్ర. చెప్పులు విడవకుండా అలాగే నిలబడ్డారు. నేను కూరగాయలు తరుగుతూ ఉన్నాను. కత్తి ఆపలేదు. ఏమైనా అంటారేమోనని చూశాను. కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు.

లెన్సులు ఇవాళ మా ఇద్దరి మధ్య పడుకుంటున్నాయి. చంటిపిల్లల్లా.

జూలై 9

రెండు ఫిల్టర్లూ రెండు కాగితాల్లో చుట్టి తీసుకెళ్ళాను. ఏది ఎక్కడ పెట్టానో చెప్పలేదు. చూడండి అన్నాను, అంతే.

డాక్టరు గారు ఒకటి కిటికీ వైపు పెట్టి చూశారు, పక్కన పెట్టారు. రెండోది చూశారు. వంచి చూశారు. బల్ల సొరుగు లాగి టార్చి తీశారు, భూతద్దం తీశారు. అవి పారేయలేదన్నమాట. వేలితో అంచు మీద గీశారు. వాసన చూశారు.

ఎవరో వచ్చి బ్యాటరీ అడిగితే లేవన్నారు. అద్దాల పెట్టెలో వరసగా ఉన్నాయి.

తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. నా కోసం చేసిన కర్రతో నన్నే కొట్టావు కదమ్మా అన్నారు. నవ్వుతూనే కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. క్షమించండన్నాను. కర్ర బాగా కుదిరిందా అని అడిగారు. కుదిరిందన్నాను. అయితే పోన్లే అన్నారు.

బోర్డు మీద రంగు తుడిచేయండి అన్నయ్యగారూ అన్నాను. ఆయన రెండు చేతులూ బల్ల మీద పరిచి వాటినే చూశారు. సంగతి నాకు తెలిసింది చెల్లెమ్మా, వీటికి తెలియాలిగా అన్నారు. స్క్రూ నిజంగానే జారిందమ్మా, వాడు ఆ మాట అన్న మర్నాడే జారింది అన్నారు.

జూలై 10

ఎక్కడికి వెళ్ళావని ఈయన అడగలేదు. అన్నం దగ్గర కూర్చుని, ఏమన్నాడు అని అడిగారు.

చెప్పాను. ఉన్నదున్నట్టు. స్క్రూ సంగతి, చేతుల సంగతి. మీరు అన్న మర్నాడే అన్నది కూడా. దాచి చెబుదామనుకున్నాను కానీ నోరు దాచలేదు.

ఈయన కలిపిన ముద్ద కంచంలోనే పెట్టేశారు. అత్తగారు నావైపు, కొడుకువైపు చూసి, మాటకి ముల్లు ఉంటుందిరా, గుచ్చుకున్నవాడు తీసుకోలేడు, గుచ్చినవాడే తీయాలి అన్నారు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి, ఇవాళ మెల్లగా అన్నారు.

ఈయన చెయ్యి కడుక్కుని వరండాలో కూర్చున్నారు. నేను పిలవలేదు.

జూలై 12

ఇవాళ ఈయన ఆఫీసుకి వెళ్ళలేదు. లెన్సులన్నీ సంచీలో సర్దుకుని దుకాణానికి తీసుకెళ్ళారు. అన్నీ విప్పమన్నారట.

వీటిలో ఏ తప్పూ లేదు కదరా అన్నారట డాక్టరు గారు.

లేదు, అందుకే తెచ్చాను అన్నారట ఈయన.