ఎవరో ఒకరు నిలబడాలి

మార్చి 3

గుర్రం మళ్లీ పడిపోయింది. గోడ పక్కన కునుకు తీస్తూ తీస్తూ, ముందుకాళ్లు మడతపడి మోకాళ్ల మీద కూలబడింది. ఉలిక్కిపడి లేచింది. ఎవరు తోశారా అని చుట్టూ చూసింది. కనబడింది నేనే. ఇంకేముంది, తప్పంతా నాదే అన్నట్టు ఓ చూపు. మోకాలి దగ్గర తోలు లేచిపోయింది. మందు రాయబోతే తల విసిరింది, గిన్నె ఎగిరి అవతల పడింది.

పొద్దున్నుంచి షాపులో నిలబడి చెప్పులు అమ్మి వచ్చాను. కాళ్లు పీకేస్తున్నాయి. ఇంక రాయలేను.

మార్చి 5

పశువుల డాక్టర్ వచ్చాడు. జబ్బేమీ లేదట, నిద్ర లేదట. గుర్రం నిలబడి కునుకు తీస్తుందిగానీ, గాఢనిద్ర కావాలంటే నేల మీద పడుకోవాల్సిందేనట. భయం ఉంటే పడుకోదట. నాలుగు కలిసి ఉన్నచోట ఒకటి నిలబడి కాపలా కాస్తే, మిగతావి పడుకుంటాయట. దీని జత ఏదని అడిగాడు.

జత ఎక్కడిది? రైడింగ్ స్కూల్ మూసేసినప్పుడు దీనితో ఉండే తెల్లగుర్రాన్ని ఎవరో కొనుక్కుపోయారు. ముసలిదని దీన్ని ఎవరూ ముట్టుకోలేదు. అక్కడ రిసెప్షన్‌లో కూర్చున్న పాపానికి నేను తోలుకొచ్చాను.

ఇలాగే పడుతుంటే ఏదో ఒకరోజు ఎముక విరుగుతుందనీ, అప్పుడు ఇంజెక్షన్ తప్ప దారి లేదనీ అన్నాడు. ఏ ఇంజెక్షన్ అని నేను అడగలేదు. వెళుతూ వెళుతూ ఇంకో గుర్రాన్ని తెచ్చుకోమన్నాడు. ఇంకో కుర్చీ తెచ్చుకోమన్నంత తేలిగ్గా.

మార్చి 6

రెండో మహారాణి కూడా వస్తే తను గడ్డి తిని బతకాల్సిందే అన్నాడు మా ఆయన. నవ్వు రాలేదు నాకు. వచ్చిన కొత్తలో ఇది ఆయన చొక్కా కాలర్ పళ్లతో పట్టుకుని లాగింది. ఆ రోజు నుంచి షెడ్డు గేటు దాటడు. నీళ్ల బకెట్ బయట పెట్టి, ఒకటే పరుగు.

మార్చి 9, ఆదివారం

నిన్న రంపపు పొట్టు మూటలు తెచ్చి మెత్తగా పరిచాను. తలుపు మూశాను. కిటికీకి దుప్పటి కట్టాను. నాకైతే అందులో చచ్చినట్టు నిద్ర పట్టేది. పొద్దున చూస్తే అది చెమటతో తడిసి ముద్దయి ఉంది. తలుపు చెక్క తన్ని తన్ని పగలగొట్టింది.

బుద్ధుందా నాకు? బయటికి చూడకపోతే ఏమొస్తోందో దానికెలా తెలుస్తుంది? దుప్పటి పీకేశాను. తలుపు తీసేసి, గేటు ఒక్కటే ఉంచాను.

మార్చి 14

మందు రాయనిస్తోంది! ఎదురుగా మొహం మీదికి వెళ్లకూడదు. భుజం వైపు నుంచి, మాట్లాడుతూ వెళ్లాలి. చెవులు వెనక్కి పెడితే ఆగిపోవాలి. ఆగితే, కాసేపటికి అదే దగ్గరికి వస్తుంది. మెడ కింద గోకితే పై పెదవి సాగదీసి కళ్లు సగం మూస్తుంది. పాట వింటున్న మా మేనత్త మొహం అచ్చం అంతే.

కానీ పడుకోదు.

మార్చి 17

షాపు. షెడ్డు. మంచం.

మార్చి 20

తోడుంటే పడుకుంటుందేమోనని రోజూ సాయంత్రం దాని పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటున్నాను. మంచి తోడే! కూర్చోగానే నాకే కన్ను మూతపడుతోంది. నిద్ర సుఖమెరగదని ఊరికే అనలేదు. గోడకి తల ఆనించి, నోరు తెరుచుకుని మరీ. మెలకువ వచ్చేసరికి అది నా ముందు నిలబడి, గేటు వైపు చూస్తూ ఉంటుంది.

మార్చి 21

మళ్లీ పడింది. ఈసారి రెండు మోకాళ్లూ. రక్తం. డాక్టర్‌కి ఫోన్ చేశాను. ఆదివారం వస్తాడట, చూసి ఒక నిర్ణయానికి వద్దామన్నాడు. ఆ నిర్ణయం ఏమిటో తెలియనిదాన్నా?

వంటింట్లో కుళాయి తిప్పి ఏడ్చాను. మా ఆయన వచ్చి కుళాయి కట్టేశాడు. అది నిన్ను ఎంత బాగా చూసుకుంటుందో తెలుసా అన్నాడు. నేను స్టూలు మీద నిద్రపోతుంటే, గేటు దగ్గరికి పిల్లి వచ్చినా సరే నాకు అడ్డంగా వచ్చి నిలబడుతుందట. రోజూ బయటి నుంచి చూస్తున్నాడట. నన్ను ఓదార్చడానికే చెప్పాడు, పాపం.

నాకు అప్పుడు వెలిగింది. నేను దానికి కాపలా కాయడం లేదు. అదే నాకు కాస్తోంది. దాని నిద్ర కూడా నేనే పోతున్నాను.

మార్చి 22

స్టూలు బయట పారేశాను. షాపు నుంచి వచ్చి, బయటికి చూస్తూ గేటు దగ్గర నిలబడ్డాను. మడమలు మండుతున్నాయి. చాలాసేపటికి వెనకాల పొట్టు కదిలిన చప్పుడు. తల దించి వాసన చూసింది, కాలితో గీరింది, ఒక చుట్టు తిరిగింది. మోకాళ్లు వంచబోయింది.

నేను తుమ్మాను. ఛీ, నా ముక్కు తగలెయ్య.

మార్చి 23, ఆదివారం

పడుకుంది.

పక్కకి ఒరిగి, నాలుగు కాళ్లూ చాపి, గురక కూడా. డాక్టర్ వచ్చి గేటు బయటే ఆగిపోయాడు. కాసేపు చూసి, తల ఊపి, అడుగుల చప్పుడు కాకుండా వెళ్లిపోయాడు.

నా కాళ్లు వణుకుతున్నాయి. కూర్చుంటే లేస్తుందేమోనని భయం. అప్పుడు మా ఆయన చెప్పులు విడిచి, గేటు దాటి లోపలికి వచ్చాడు. తన చొక్కా కాలర్ ఒక చేత్తో పట్టుకునే ఉన్నాడు. నన్ను కూర్చోమని సైగ చేసి నా చోట నిలబడ్డాడు. గుర్రం ఒక చెవి తిప్పింది. లేవలేదు.

మార్చి 24

ఇవాళ తనే నిలబడతానని మా ఆయన షెడ్డుకి వెళ్లాడు. భయపడుతూనే వెళ్లాడు.

నేను పడుకుంటున్నాను.