పాత కారు నీకివ్వను

మార్చి 9, ఆదివారం
షెడ్డు నుంచి

చిరంజీవి చెల్లాయికి,

అక్క దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ బావా, షెడ్డులో పాత కారూ క్షేమం. నీ క్షేమం పేపర్లో ఫోటో చూసి తెలుసుకున్నాను. కప్పు పట్టుకుని ముప్పై రెండు పళ్ళూ బయటపెట్టినదాన్ని ఎలా ఉన్నావని వేరే అడగాలా?

సూటిగా చెబుతాను, ఆ ఫోటో చూసి నాకు కడుపు మండిపోయింది. మీ బావ ఆ పేజీ దాచుకుందామన్నాడు. నేను దానిమీద ఆయిల్ డబ్బా పెట్టాను.

ఇక నీ కోరిక సంగతి. వచ్చే నెల మీ పోటీ మొదలయ్యే ముందు పాతకాలపు ప్రోటోటైపు రేసు కార్లు ట్రాకు మీద మూడు చుట్లు తిరుగుతాయి కదా. ఈ షెడ్డులో ఉన్న మా ఓనరుగారి కారు నేనే నడపాలి. అప్పట్లో రాత్రీ పగలూ సాగే పోటీలో దాన్ని చివరి గీత దాటించింది నేను. ఈసారి నువ్వు నడుపుతానని ఆయనకి ఫోన్ చేశావట. ఆయన ఆ మాట నన్నే తేల్చమన్నారు. కొత్త కారు నీకుంది, కప్పు నీకుంది, నాకు మిగిలిన ఒక్కటీ కావాలా? ఇవ్వను.

కొత్తొక వింత, పాతొక రోత అంటారు. నీకేమో రెండూ వింతే. నీ కారు గొప్పదే, కాదనను. బ్యాటరీ, ఇంజనూ కలిసి లాగుతాయి, మలుపుల్లో నేలని కరుచుకుని పోతుంది. తిన్నటి దారిలో నా ముసలిదే జోరు. కానీ మలుపొచ్చేసరికి నేను బ్రేకు మీద నిలబడాలి, నువ్వింకా పోతూనే ఉంటావు. చుట్టు మొత్తమ్మీద నువ్వే ముందు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నా పెన్ను ఎంతసేపు మొరాయించిందో నీకు తెలియదు.

అయితే ఒక మాట. నువ్వు గేరు మార్చాలంటే స్టీరింగు వెనక ఉన్న రెక్కని వేలితో లాగితే చాలు. టైరు వేడెక్కితే ఇంజనీరు నీ చెవిలో చెబుతాడు. మా చెవిలో ఇంజను మోత తప్ప ఎవరుండేవారు? ఆ మోత కాస్త మారితే రోగమేమిటో మేమే కనిపెట్టుకోవాలి. గేరు కర్ర తప్పు గాడిలో పడిందా, ఇంజను అక్కడికక్కడే బద్దలు. లోపల పొయ్యి దగ్గర కూర్చున్నట్టుండేది, దిగేసరికి అరచేతుల నిండా బొబ్బలు. ఆడలేక మద్దెల ఓడు అంటోంది అక్క అని నవ్వుకుంటున్నావేమో. నవ్వుకో.

మొన్న ఒక్కసారి నడిపి చూస్తానని వచ్చి ఏం చేశావు? మలుపు ముందు నీ వేళ్ళు స్టీరింగు వెనక లేని రెక్క కోసం వెతికాయి. నా కారు నేరుగా పోయి ట్రాకు పక్క గులకరాళ్ళలో కూర్చుంది. నువ్వు దిగి, అక్కా గేరేదే అన్నావు. మెకానిక్కులంతా గొల్లుమన్నారు, అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే. ఇంటికొచ్చాక కూడా నవ్వుతుంటే మీ బావ, చెల్లెలు రాళ్ళలో పడితే అంత సంబరమా అన్నాడు. సంబరమే మరి.

ఆ తర్వాత నువ్వు మళ్ళీ ఎక్కావు. రెండో చుట్టుకల్లా గేర్లు వెన్నలా పడ్డాయి. ఆ చప్పుడు విని నా నవ్వు ఆగిపోయింది. చిన్నప్పుడు నేను నెల రోజులు మోకాళ్ళు గీరుకుని నేర్చిన సైకిలు, నువ్వు ఒక్క సాయంత్రంలో తొక్కేశావు. అప్పుడూ ఇలాగే ఒళ్ళు మండింది.

కాబట్టి నాతో వాదించకు. నేను నడుపుతాను, నువ్వు గోడ పక్కన నిలబడి చూడు. ఒక్కసారైనా మన వంతులు అలా ఉండనీ.

ఆశీస్సులతో, బోలెడంత కుళ్ళుతో,
నీ అక్క

తా.క.: కంటి డాక్టరు ఈసారి నా రేసు లైసెన్సు కాగితం మీద సంతకం పెట్టనన్నాడు. కుడికంటికి పక్క చూపు పోయిందట, ఇక రాదట. మీ బావకి ఇంకా చెప్పలేదు. నిన్ననే ఓనరుగారికి నీ పేరు చెప్పేశాను. అయినా పైదంతా ఎందుకు రాశానంటే, ఆ కారు ఇంకా నా చేతిలోనే ఉన్నట్టు ఒక్కసారి నీకు కాదని చెప్పాలనిపించింది. మొన్న నువ్వు కాళ్ళందక సీటు అంచుకి జరిగి తొక్కడం చూశాను, పెడళ్ళు దగ్గరికి జరిపి బిగించాను. మూడో గేరు మొండిది, తొందరపెట్టకు. దిగాక ఎలా ఉందని నేను అడగను, నాకు మనసొప్పదు. నువ్వే వచ్చి చెప్పు, ఒక్క మలుపు కూడా వదిలిపెట్టకుండా.