జాబితా లేని పొయ్యి

సెప్టెంబర్ 15, గురువారం

అరిచాను. మీటింగులో, అందరి ముందు. తప్పా? కాదు. గొంతు పెద్దది — అంతే.

మా 'ఏడు కోటలు' ఆట నెట్‌లోకి వదిలి ఇంకా రెండు నెలలు కాలేదు. అప్పుడే జనం పల్చబడిపోతున్నారు. మురళి గారు గోడ మీద గీత చూపించారు. పైకి లేచిన గీత కాస్తా బావిలోకి జారిన చేదలా కిందికి... "ఎందుకు వెళ్లిపోతున్నారండీ? ఒక్కొక్కరూ చెప్పండి." మేనేజరు కదా, అడగాలి. ఒకడు బహుమతులు పెంచుదామన్నాడు. ఇంకొకడు, రోజూ వచ్చినవాడికి కత్తి ఇద్దామన్నాడు. మూడోవాడు గుర్రాలకు రెక్కలు పెడదామన్నాడు.

రెక్కలట!

లేచాను. "సార్, రెక్కలు పెట్టినా పోతరు. ఆడ ఎవ్వనికీ ఎవ్వనితోని పని లేదు. నేను ఇయ్యాల ఆటకు రాకపోతే ఒక్కనికన్నా తెలుస్తదా?"

మురళి గారు నవ్వారు. "నువ్వు టెస్టర్‌వి బాబూ. ఆటలో తప్పులు పట్టి రాయి. విప్లవాలు మనకెందుకు?"

"గిదే తప్పు సార్. రాసుకోండ్రి!"

గొంతు లేచింది అక్కడే.

సెప్టెంబర్ 16

హఫీజ్‌పేట్ రూముకు నరేష్ గాడు వచ్చాడు. నా కోసం మా ఆట మొదలుపెట్టి నాలుగో రోజే మానేసిన దోస్తు. ఎందుకు మానేశావని నిలదీశాను. "బోర్ కొట్టింది రా." సరిగ్గా చెప్పమన్నాను. చాలాసేపు తల గోక్కున్నాడు.

"అరె, మనం ఆడిన పాత ఆట యాదికుందా? నది దాటాలంటే పడవోడు కావాలె. పడవోడంటే ఇంకో ప్లేయరే. వాడు వచ్చేదాంక ఒడ్డున కూసునేది. కూసుంటే ముచ్చట. గట్లనే గద నువ్వు దొరికినవ్ నాకు!"

నిజం. నెలరోజులు ఆ ఒడ్డున వీడితో మాట్లాడాను — వరంగల్‌లో ఉంటాడనుకుంటూ. తీరా చూస్తే లింగంపల్లిలో అదే నెట్ సెంటరు, నాకు రెండు క్యాబిన్ల అవతల!

"మీ దాంట్ల ఏముంది? బాణం గుర్తు చూపిస్తది, పోవాలె. బటన్ నొక్కితె నలుగురిని తెచ్చి పడేస్తది. రాక్షసుడు చస్తడు. ఎవని దారి వానిది. ఆ నలుగురు మనుషులో మిషన్లో గుడ తెల్వది."

వాడు పోయాక ఆ మాటలన్నీ రాసుకున్నాను. ఒక్కటీ వదల్లేదు.

సెప్టెంబర్ 17, శనివారం

కోఠీలో కొన్న చిన్న పుస్తకాలన్నీ చుట్టూ పరుచుకుని కూర్చున్నాను. పరాయీకరణ... ఐక్యత... స్వయంపాలన... ఆ మాటలన్నీ ఆటకు అచ్చంగా సరిపోతున్నాయి. నా చెయ్యి ఆగడం లేదు.

"దారి బాణమే చూపిస్తే, దారి అడిగేవాడుండడు. అడిగేవాడు లేని చోట చెప్పేవాడుండడు. ఒంటరిగా అన్నీ గెలిచినవాడు ఆ గెలుపు ఎవరికి చూపించాలి? వారంలో శిఖరం ఎక్కిస్తారు. శిఖరం మీద ఒక్కడే. దిగిపోక ఏం చేస్తాడు?"

శీర్షిక: మనుషులు కత్తుల కోసం ఉండరు, మనుషుల కోసం ఉంటారు.

రిపోర్టు అడిగితే కరపత్రం అయింది. కానీ.

సెప్టెంబర్ 19, సోమవారం

పొద్దున్నే ప్యాంట్రీలో టీ మిషన్ మీద అంటించాను. పది గంటలకల్లా లేదు. చించేశారని పళ్లు కొరుకుతూ మురళి గారి గదిలోకి వెళ్తే — కాగితం ఆయన చేతిలోనే ఉంది! పక్కన శ్రావణి. ఆట రాసే ప్రోగ్రామరు, భీమవరం అమ్మాయి. మొన్న "మీ తెలంగాణ సమ్మెకు బస్సులు ఆగిపోతే నేను ఆఫీసుకెలా రావాలండీ" అంది, "నడిచి రా" అన్నాను. అప్పటి నుంచి మాటల్లేవు.

శ్రావణి: "కోపం తీసేస్తే ఇందులో రెండు పేరాలు బావున్నాయండి."

"కోపం తీస్తె ఏం మిగుల్తది?"

"ఆ రెండు పేరాలే."

నవ్వు వచ్చింది. నవ్వలేదు.

మురళి గారు: "ఏడో కోట దాదాపు ఖాళీగా ఉంది, ఎలాగూ మూసేద్దామనుకున్నాం. తీసుకో. జనానికి తెరిచిన రోజు నుంచి మూడు వారాలు. నిలబడకపోతే ఆ కోటా ఉండదు, నీ కుర్చీ కూడా నేను కాపాడలేను."

"నిలవడితె?"

"ముందు నిలబడనీ."

ఒక కోట! నా చేతికి!

సెప్టెంబర్ 20

కోట వచ్చింది, అందులో ఏం పెట్టాలో తెలియదు. బస్సుల్లేవు. నడక. కొత్తగూడ దాటాక జనం. రోడ్డుకు అడ్డంగా సమ్మె వంటావార్పు. మూడు రాళ్ల పొయ్యిలు వరసగా, పెద్ద పెద్ద గిన్నెలు, పొగ. ఆగిపోయిన లారీలోంచి డ్రైవరు తిట్లు. ఒక పొయ్యి దగ్గర కొంగు నడుముకు బిగించి గరిటె తిప్పుతున్నది — యాదమ్మ! మా ఆఫీసు హౌస్‌కీపింగ్ యాదమ్మ.

"ఓ బిడ్డా, ఉత్త చేతులతోని నిలవడ్డవేంది? ఫోటోకా? ఉల్లిగడ్డలు కొయ్యి!"

కోశాను. నా ఎదురుగా కోస్తున్నాయన బ్యాంకు ఉద్యోగి. టై ఉంది, కన్నీళ్లూ ఉన్నాయి. ఇంతలో యాదమ్మ కేక — "ఉప్పు లేదు! ఎవలకాడన్న ఉప్పున్నదా?" లారీ డ్రైవరు తిట్టడం ఆపాడు. దిగాడు. ఉప్పు పొట్లం తెచ్చాడు. గంట తర్వాత వడ్డిస్తున్నది ఆయనే.

బుర్రలో మెరిసింది. పరుగు. ఆఫీసు దాకా పరుగే.

"దొరికింది శ్రావణీ!"

"ముందు చేతులు కడుక్కోండి. ఉల్లిపాయ కంపు."

సెప్టెంబర్ 23

శ్రావణి మూడు రోజుల్లో కట్టేసింది. ఒప్పుకోవాలి. ఏడో కోటలో వంతెన పక్కన పొయ్యి. వండుకు తినందే రాక్షసుడి మీదికి బలం రాదు. బియ్యం, నీళ్లు, కట్టెలు, ఉప్పు. ఒక్కొక్కరు మోయగలిగేది ఒక్కటే. బాణాలు తీసేశాం. బటన్ తీసేశాం.

ఒక్కటి మాత్రం నేను పట్టుబట్టి పెట్టించాను. పొయ్యి పైన పలక, దాని మీద జాబితా — ఏం వచ్చింది, ఏం రావాలి, ఎంత తక్కువ. "అవసరమా అండీ?" అని రెండుసార్లు అడిగింది. "పారదర్శకత. ప్రజలకు తెలియాలె" అన్నాను.

సెప్టెంబర్ 26, సోమవారం

తెరిచాం. వచ్చారు. జాబితా చూశారు. ఉప్పు అని ఉంటే ఉప్పు వేశారు. తిన్నారు. పోయారు.

ఒక్క మాట లేదు. రోజంతా — ఒక్క మాట!

నరేష్ ఫోన్: "ఇది రేషన్ షాపు రా."

సెప్టెంబర్ 27

ఈ రోజూ అంతే. హెడ్‌ఫోన్ విసిరాను. పగిలింది. చవటని. రాయడానికేం లేదు.

సెప్టెంబర్ 28

ప్యాంట్రీలో తల పట్టుకుని కూర్చుంటే యాదమ్మ. "ఏమైంది బిడ్డా, లవ్వు ఫెయిలా?"

"లవ్వు గాదు. నీ వంటావార్పు ఫెయిల్."

తీసుకెళ్లి స్క్రీన్ మీద చూపించాను. తుడుపు కర్ర మీద గడ్డం ఆనించి చూసింది. బొమ్మలు వస్తున్నాయి, వేస్తున్నాయి, పోతున్నాయి.

"ఆ పైన రాసింది ఏంది?"

"ఏం తక్కువుందో చెప్తది."

"అన్నీ అదే చెప్తె ఇగ ఎవల్నేం అడుగుతరు?"

"అడగాలెనా?"

నా వైపు జాలిగా చూసింది. "పిచ్చోడా... ఆ దినం ఉప్పు సంచి నా ఎనకనే ఉండె. నాకెర్కలేదా? అయినా కేకేసిన. ఎందుకేసిన? ఆ లారీ ఆయన గంట నుంచి తిడ్తుండె. అడిగితె దిగిండు. దిగితె మనోడైండు. అడగకుంట వండితె అది వంటావార్పు గాదు, పెండ్లి క్యాటరింగు."



ఇన్ని పుస్తకాలు చదివాను. ఒక్కదాంట్లోనూ లేదు ఇది. జనం కలిసే చోట జాబితా వేలాడదీసింది నేను! బాణం గుర్తును తిట్టి, ఇంకో బాణం గుర్తు పెట్టింది నేను!

శ్రావణి దగ్గరికి వెళ్లి తీసేయమన్నాను. తప్పు నాదే అని కూడా చెప్పాను. 

"తీయడం ఐదు నిమిషాల పనండి. మీ చేత ఆ మాట అనిపించడానికే వారం పట్టింది."

సెప్టెంబర్ 29

జాబితా లేదు. పదిమంది పొయ్యి చుట్టూ తిరుగుతున్నారు. ఏం చేయాలో తెలియదు. ఒకడు తిట్టి వెళ్లిపోయాడు. ఇద్దరు. ముగ్గురు. నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. శ్రావణి గోళ్లు కొరుకుతోంది.

పన్నెండుంపావు. తెర మీద ఒక లైను —

"ఎవరి దగ్గరైనా ఉప్పు ఉందా?"

"ఉంది. కానీ వంతెన అవతల ఉన్నా. ఒక్కడినే దాటలేను, తోడేళ్లు."

"ఆగు బ్రో, వస్తున్నాం."

వస్తున్నాం! వస్తున్నా కాదు — వస్తున్నాం! నలుగురు కదిలారు. ఎవరూ నొక్కని బటన్, ఎవరూ చూపని బాణం. మా బల్లల దగ్గరున్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. నేను కుర్చీ ఎక్కాను. మురళి గారు గదిలోంచి తల బయట పెట్టి, నన్ను చూసి, తలుపు వేసుకున్నారు.

అక్టోబర్ 3

మంది. పొయ్యి చాలక రెండోది పెట్టాం. తిట్లు కూడా — "ఎవడు రా ఈ ఆట చేసింది, ఏదీ చెప్పి చావదు!" ఆ రాసినవాడే సాయంత్రం దాకా కొత్తవాళ్లకు కట్టెలెక్కడ దొరుకుతాయో చెబుతూ కూర్చున్నాడు. రాక్షసుణ్ణి కొట్టడానికి కూడా పోవడం లేదు కొందరు. ఊరికే పొయ్యి చుట్టూ. ఒకాయన కూతురి పరీక్షల గురించి. ఇంకొకాయన సమ్మెలో ఆగిన జీతం... రాజమండ్రి నుంచి ఆడే అతను, సిరిసిల్ల నుంచి ఆడే అతను రాష్ట్రం గురించి ఘోరంగా కొట్లాడుకున్నారు. ఆ పైన "సరే, నీళ్లు తే" అని ఒకరు. తెచ్చాడు ఇంకొకరు.

అక్టోబర్ 5

నరేష్ గాడు నీళ్లు మోస్తాడని జనమే పేరు పెట్టారు — నీళ్ల నరేష్. నిన్న జ్వరంతో రాలేదు. ఈ రోజు మధ్యాహ్నం నాకు ఫోన్.

"రేయ్... నిన్న నా గురించి అడిగిండ్రంట. ఐదుగురు. నీళ్ల నరేష్ ఏడి, ఏమైండు, అని."

ఫోన్ పెట్టేసి ఆటలోకి పోయాడు వాడు. నేనూ.

గెలిచాం. ఇంకేం కావాలి? గెలిచాం!

అక్టోబర్ 10, సోమవారం

గోడ మీద గీత. మిగతా ఆరు కోటలు కిందికి. ఏడోది పైకి. రోజూ పైకి.  లంచ్ టైములో మురళి గారి గది దాటుతూ తొంగి చూస్తే — కట్టెలు మోస్తున్నారు! ఆటలో! "కొంచెం జరగండి బాబూ, కట్టెలు దించాలి" అని టైపు చేస్తున్నారు. ఎవరో "తాతా, ఇటు" అని రాశారు. మురళి గారికి నలభై రెండు.

"చూశావుగా. వెళ్లు. ఎవరికీ చెప్పకు."

అందరికీ చెప్పాను.

అక్టోబర్ 12

పై ఆఫీసు నుంచి మెయిల్. పొయ్యి ఏడు కోటల్లోనూ పెట్టాలట. యాదమ్మకు చెబితే "మరి నా పేరేసిండ్రా?" అంది. మిఠాయి తెప్పించారు. శ్రావణి నా నోట్లో కుక్కింది — "ఇంకోసారి అరవకుండా."

మెయిల్‌లో రెండో పేరా ఆ తర్వాత చదివాను.

"ఆటగాళ్ల సౌకర్యార్థం పొయ్యిపై కావలసిన వస్తువుల జాబితా చూపబడాలి. అందరినీ ఒకే నొక్కుతో పొయ్యి దగ్గరకు చేర్చే బటన్ అమర్చాలి." టెస్టరు సరే అని ధ్రువీకరిస్తేనే ఆ మార్పు బయటికి వెళ్తుంది. టెస్టరంటే నేను.

ధ్రువీకరించను.

మురళి గారు తలుపు వేసి కూర్చోబెట్టారు. "నువ్వు కాదంటే నిన్ను పక్కన పెట్టి ఇంకొకరితో చేయిస్తారు బాబూ."

"చేయించుకోనియ్యుండ్రి సార్. నా చెయ్యి మాత్రం గాదు."

శ్రావణి అప్పుడు, చాలా మెల్లగా: "రాయాల్సింది నేను కదండీ. నాకు ఈ నెలంతా వేరే పనులున్నాయి. చాలా."

ఆమె వైపు చూశాను. బస్సు రోజు అన్న మాటకు ఎప్పుడో క్షమాపణ చెప్పాల్సింది. ఇప్పుడు చెప్పాను. "నడిచే వచ్చాను లెండి ఆ రోజు. అలవాటైంది" అంది.

అక్టోబర్ 14, శుక్రవారం

సోమవారం పైవాళ్లు వస్తున్నారు. మూడు వారాలూ సోమవారంతోనే నిండుతాయి. "వాళ్లకు గీతలు నేను చూపిస్తాను. మిగిలింది నువ్వు చెప్పు" అన్నారు మురళి గారు. ఆ జాబితా మార్పు మీద ఆయన కూడా సంతకం పెట్టలేదు. ఆ మాట నాకు చెప్పలేదు, శ్రావణి చెప్పింది.

"ఏం అడుగుతారో తెలుసు," అంది. "చెప్పేవాళ్లు లేకపోతే కొత్తవాళ్లు పారిపోరా అంటారు. మీ దగ్గర జవాబుందా?"

ఉంది అన్నాను. ఉందా?

నాలుగు గంటలు. చూస్తున్నాను. పాత మంది అంతా రాక్షసుడి మీదికి పోయారు. రెండు పొయ్యిల దగ్గరా ఏడెనిమిది మందికి మించి లేరు. అందులో ఎవరు కూర్చున్నారో, ఎవరు ఆట తెరిచి పెట్టి టీకి వెళ్లారో తెలియదు. వంతెన వైపు నుంచి ఒక బొమ్మ. ఇవాళే చేరిన పేరు. చేతిలో ఏమీ లేదు. పొయ్యి చుట్టూ ఒకసారి తిరిగింది. రెండోసారి తిరిగింది. తర్వాత —

"ఇక్కడ ఏం చేయాలి?"

జవాబు లేదు.

నా వేళ్లు కీబోర్డు మీద. నాలుగు ముక్కలు చాలు, ఉండిపోతుంది. నేను చెబితే సోమవారం ఏ మొహంతో మాట్లాడను? చెప్పకపోతే పోతుంది.

నిమిషం. బొమ్మ వంతెన వైపు తిరిగింది.

చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. బిగించి.

పొయ్యి అవతల కూర్చున్న ఒకరి తల మీద కలం గుర్తు — ఏదో టైపు చేస్తున్నారు...