ముందు ఎవరి పేరు

మార్చి 9, ఆదివారం

చిరంజీవి చెల్లెలికి,

అక్క దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం, మన బైండింగు కొట్టు క్షేమం, జిగురు గిన్నె కూడా క్షేమం. నువ్వు క్షేమమని కాగితాల వ్యాపారి చెప్పాడు. నువ్వు పనిచేసే ప్రెస్సుకి కూడా ఆయనే కాగితం వేస్తున్నాడట కదా. కాస్త చిక్కావని కూడా అన్నాడు. ముందు మీ కళ్ళద్దాలు మార్పించుకోండి అని ఆయన్ని కసిరాను గానీ, ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఫోను చేస్తే ఎత్తవు కాబట్టి ఉత్తరం. బుడంకాయా, ముందే చెబుతున్నాను, ఇది బతిమాలే ఉత్తరం కాదు. పని మీద రాస్తున్నాను. గురువారం ఉదయం పదింటి బస్సుకి నువ్వు ఇక్కడ దిగాలి. మునిగిపోయిన మన బ్యాంకు డబ్బు తిరిగి వస్తోంది. మొత్తం, పైసా తగ్గకుండా. దానికి నీ సంతకం కావాలి.

నమ్మవని తెలుసు, నేనూ నమ్మలేదు. నువ్వు వెళ్ళిన మూడో నెల్లో బ్యాంకు తలుపుకి నోటీసు అంటించారు. లైసెన్సు రద్దయిందట, డబ్బు వేసినవాళ్ళంతా బీమా ఫారాలు నింపాలట. లోపల ఓ పాత బల్ల వేసుకుని ప్రభుత్వ బీమా ఆఫీసాయన కూర్చున్నాడు. నేను తగువుకి సిద్ధపడే వెళ్ళాను. మేం ఏ బీమా కట్టలేదే అన్నాను. మీరు కట్టక్కర్లేదమ్మా, ఇన్నాళ్ళూ బ్యాంకే తన జేబులోంచి కడుతూ వచ్చింది, బ్యాంకు మూతపడితే ఒక్కో మనిషికి ఒక హద్దు దాకా అసలూ వడ్డీ కలిపి మేమే ఇస్తాం అన్నాడు. ఎన్ని బ్రాంచీల్లో వేసినా ఒక బ్యాంకంటే ఒకటే లెక్కట. హద్దు దాటినది మాత్రం బ్యాంకు ఆస్తులు అమ్మాక, మిగిలితేనట. అది ఎప్పటికో, ఎంతో ఆయనకీ తెలీదు.

మన రెండు డిపాజిట్లూ కలిపితే ఆ హద్దు ఎప్పుడో దాటేశాయి. ఈ కొట్టు గది కొనుక్కోవాలని పదకొండేళ్ళు వేళ్ళకి సూదులు గుచ్చుకుంటూ కూడబెట్టిన డబ్బు. సగానికి నీళ్ళొదులుకోవాల్సిందే అనుకున్నాను. ఆయన రెండు రసీదులూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. ఒకదాంట్లో నా పేరు ముందు, రెండోదాంట్లో నీ పేరు ముందు. లెక్క తెలిసినవాళ్ళే మీరు, ఇలా వెయ్యమని ఎవరు చెప్పారమ్మా అని అడిగాడు. ఇద్దరి పేర్ల మీద ఉన్న డిపాజిట్లలో పేర్ల వరుస మారితే దేని హద్దు దానిదేనట. అందుకని రెండూ పూర్తిగా వస్తాయట.

ఎవరు చెప్పారంటే ఏం చెప్పను? నీకు గుర్తుందా ఆ రోజు? పెద్దదాన్ని కదా అని మొదటి డిపాజిట్టుకి నా పేరు ముందు రాయించాను. నువ్వు కౌంటరు దగ్గరే మూతి ముడిచావు. బోర్డు మీదా అక్క పేరే ముందు, బిల్లు పుస్తకం మీదా అక్క పేరే ముందు, ఒక్కచోటైనా నేను ముందుండకూడదా అన్నావు. ముప్ఫై రెండేళ్ళ మనిషివి! వెనక క్యూలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. రెండోదానికి నీ పేరు ముందు రాయిస్తే గానీ అక్కణ్ణించి కదల్లేదు నువ్వు. తర్వాత వారం రోజులు నిన్ను మొదటిపేరుగారూ అని పిలిచి ఏడిపించాను. ఇప్పుడు చూడు, నీ అలకే మన డబ్బుని కాపాడింది. ఆఫీసాయనకి ఇదంతా చెప్పలేదులే. లెక్క తెలిసినదానిలా తలాడించి వచ్చేశాను.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఈ సంగతి చెప్పి పడీపడీ నవ్వుకోవడానికి పక్కన నువ్వు లేవు. డబ్బు దొరుకుతుందన్న సంతోషం ఆ మెట్లు దిగేలోపే అయిపోయింది.

కొట్టు సంగతి ఏం చెప్పను. నాకు కుట్టడం వరకే వచ్చు, అట్టలు వెయ్యడం నీ చేతి పని. నువ్వు వెళ్ళినప్పట్నించీ కుట్టిన పుస్తకాలు అట్టల్లేకుండా గోడ పొడుగునా పేరుకుపోయాయి. తన లా పుస్తకాలు బైండింగుకిచ్చిన వకీలుగారు రోజూ వచ్చి తిట్టి వెళుతున్నారు. ఆయన బాధ పడలేక ఓ పన్నెండు పుస్తకాలకి నేనే అట్టలు వేశాను. వెన్ను దగ్గర ఉబ్బిపోయి, ఒక్కటీ సరిగా మూతపడదు. వాటిని చూసి ఆయన తిట్టడం మానేసి, మీ చెల్లెలు ఎప్పుడొస్తుందమ్మా అని అడిగారు. వస్తుందన్నాను. ఎప్పుడూ అన్నారు. జిగురు మాడుతోందని లోపలికి వెళ్ళిపోయాను. పొయ్యి మీద అసలు జిగురే లేదు.

నీ పీట మీద ఎవరినీ కూర్చోనివ్వడం లేదు. పొద్దున్నే తాళం తీసి, నువ్వు లోపలికి రావడానికి పక్కకి జరుగుతాను. ఎనిమిది నెలలైనా ఆ అలవాటు పోలేదు.

జరిగినదానికి వస్తే, బ్యాంకు సంగతి బాగాలేదని, డబ్బు తీసేద్దామని నువ్వు ముందే అన్నావు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం నువ్వు అని కొట్టిపారేశాను. అయినా నీ మాట తీసెయ్యలేక వెళ్ళి మేనేజరుని అడిగాను, భయం లేదన్నాడు. పన్నెండు రోజులకి షట్టరు దించేశారు. ఆ రోజు నువ్వు నా కళ్ళలోకి చూసి, నిజంగా వెళ్ళావా అక్కా అని అడిగావు. వెళ్ళానని ఒట్టేశాను. ఇంత అనుమానపు మనిషితో కలిసి పని చెయ్యలేనని నోరు కూడా జారాను. నువ్వు సంచీ సర్దుకున్నావు. పోనీలే, అయిందేదో అయింది. గురువారం రా. సంతకం పెట్టి, భోంచేసి, వెళ్ళాలనిపిస్తే సాయంత్రం బస్సుకే వెళుదువు గాని.

నీ సంతకం కోసం చూస్తూ,
అక్క

తా.క. ఉత్తరం కవర్లో పెట్టి, అంచుకి జిగురు రాసి, అంటించలేక ఆగిపోయాను.

నీ సంతకం అక్కర్లేదు. ఇద్దరిలో ఎవరు పెట్టినా చాలన్నాడు బీమా ఆఫీసాయన, నేనే పెట్టేశాను. డబ్బు పోయిన నెల్లోనే వచ్చింది. నీ సగానికి చెక్కు ఈ కవర్లోనే పెడుతున్నాను. మిగిలిన సగంతో గది రాదు. రాకపోతే పోనీ.

ఆ రోజు నేను బ్యాంకుకి వెళ్ళలేదు. కాగితాల వ్యాపారి కొట్లో గంటసేపు కూర్చుని, టీ తాగి వచ్చి, మేనేజరు భయం లేదన్నాడని నీతో చెప్పాను. నువ్వు చెబితే పరుగెత్తానంటే నా పెద్దరికం ఏం కానని. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని నీకు తెలుసు కదా. నువ్వు సరిగ్గానే అడిగావు, నేనే ఒట్టేసి అబద్ధమాడాను. నువ్వు వెళ్ళింది ఆ అబద్ధానికే గానీ డబ్బుకి కాదు. మళ్ళీ అబద్ధంతోనే నిన్ను రప్పించడానికి నాకు చెయ్యి రాలేదు. నన్ను క్షమించు.

నువ్వు లేకుండా నాకేం బాగాలేదు. బోర్డుకి రంగులు వేయించాను, నీ పేరు ముందు రాయించాను. గురువారం కొట్టు తెరవనని వకీలుగారికి చెప్పేశాను. పదింటి బస్సుకి బస్టాండులో ఉంటాను. అందులో నువ్వు లేకపోతే పన్నెండింటిది కూడా చూస్తాను.