బెల్లు కొట్టిన రోజు

ఫిబ్రవరి 2000, ఆదివారం రాత్రి, వెర్రిబీ

నలభై కిలోమీటర్లు! పాత రైలు పట్టాలు పీకేసి తారు వేసిన ఆ దారి మీద, ఒక్కసారి కూడా దిగి నడవకుండా సైకిలు తొక్కేశాను. తొడలు మండిపోతున్నా మనసు మాత్రం గాల్లో ఉంది.

పొద్దున మొదట్లో బెల్లు కొట్టలేదు. మా గుంటూరులో బెల్లు కొడితే "తప్పుకో" అని గదమాయించినట్టే. ఈ దేశంలో అది మర్యాద కాదేమో అనుకున్నాను. కుక్కతో నడుస్తున్న ఒక పెద్దావిడ పక్కనుంచి చప్పుడు లేకుండా దూసుకెళ్తే, ఆవిడ ఉలిక్కిపడి కేకేసింది.

"యూ హావ్ గాట్ ఎ బెల్, లవ్! యూజ్ ఇట్!"

సిగ్గుతో చచ్చిపోయాను. వెనకే వస్తున్న మా ఆయన ఒకటే నవ్వు. "ఇంట్లో నా మీద మోగించేదాంట్లో సగం ఇక్కడ మోగించవే, చాలు" అన్నారు.

ఇక ఆపితే ఒట్టు. మనుషులకి కొట్టాను, కంచె అవతలి ఆవులకీ కొట్టాను. నడిచేవాళ్లు పక్కకి జరిగి, పైగా చెయ్యెత్తి థాంక్స్ చెప్పారు!

చివరి స్టేషన్‌లో ప్లాట్‌ఫాం ఒక్కటే మిగిలింది. దాని మీద కూర్చుని పులిహోర తింటుంటే ఆఫీసు గుర్తొచ్చింది. 2000 రాగానే తేదీలు తికమకై కంప్యూటర్లు ఆగిపోతాయన్న వై2కే గండం గడిచింది, ఏ సిస్టమూ ఆగలేదు, కాబట్టి మా టీమ్‌తో ఇక పని లేదట. నా కాంట్రాక్టు సంగతి రేపు తేలుస్తారు. ఏదీ ఎందుకు ఆగలేదు? ఏడాదిన్నర కూర్చుని ఆ తేదీలన్నీ సరిచేసింది నేను కాదూ? శుక్రవారం మీటింగులో ఆ మాట గొంతు దాకా వచ్చింది. అడక్కుండా చెప్పుకోవడం మర్యాద కాదని మింగేశాను.

ఉంచుతారో, పంపిస్తారో. రేపు మాత్రం చప్పుడు చెయ్యకుండా వాళ్ల పక్కనుంచి పోను.