వరండాలోకి వచ్చిన మంచం

తెలీబంధా, రాయపూర్,
11 జనవరి 1999

ప్రియమైన తమ్ముడు దానియేలుకు,

ప్రభువు నామంలో పెద్దక్క దీవించి వ్రాయునది. ఆయన కృప వల్ల ఇక్కడ ముగ్గురమూ ప్రాణాలతో ఉన్నాము. ఖరగ్‌పూర్‌లో నువ్వూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. ముందు నువ్వు అడిగినవాటికి జవాబు రాస్తాను. గాలి శుభ్రం చేసే మిషన్ నువ్వు పెట్టిన చోటే, విజయ పడుకునే గదిలోనే ఉంది. లోపలి జాలీ నువ్వు వెళ్లిన వారానికే నల్లబడింది. దులిపి పెట్టాను. ఫ్యాక్టరీల మసి ఏమీ తగ్గలేదు. పొద్దున తుడిచిన కిటికీ గట్టు మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. ఆ గదిలో మాత్రం పాప బట్టలు తెల్లగానే ఉన్నాయి. నువ్వు అనుకున్నది నిజమే.

పాపకు నీ కనుబొమలే. పాలు తాగుతూ ముడుస్తుంది. విజయ తల్లి లేని పిల్ల కనుక పురిటికి ఇక్కడికి తెచ్చాము గానీ, స్నానాలన్నీ పక్కింటి వరహాలమ్మే చేయిస్తోంది. మిషన్ చూసిన మొదటి రోజే వేళాకోళం మొదలుపెట్టింది.

“గాలి కూడా కొనుక్కొచ్చీసినాడేటే మీ ఆయన? రేపు ఎండ కూడా కొంతాడు కావాల!”

“కొంటారు పిన్నీ, వాయిదాల మీద,” అంది విజయ. ఆ పిల్ల అలా నవ్వడం అదే చివర.

ఇంతవరకు రాసి కలం పక్కన పెట్టాను. కీర్తన చదివాను, మనసు నిలవలేదు. లేచి వరండాలోకి వెళ్లి ఇద్దరినీ చూసి వచ్చాను. ఇక దాచను.

పోయిన మంగళవారం చలి ఎక్కువగా ఉంది. స్నానం అయ్యాక సాంబ్రాణి వేయడానికి వరహాలమ్మ బొగ్గుల కుంపటి తెచ్చింది. రోజూ ఆ వేళకు కిటికీ తెరిచి, పని కాగానే కుంపటి బయట పెట్టేవాళ్లం. ఆ రోజు విజయ వద్దంది.

“ఉండనీ పిన్నీ, వెచ్చగా ఉంది. కిటికీ కూడా తీయకు. మిషన్ అమ్మినాయన ఖిడ్కీ, దర్వాజా బంద్ రఖనా అన్నాడు కదా.”

“మరి పొగో?”

“మిషన్ మింగేస్తుంది.”

నిజంగానే పొగ కనబడకుండా పోయింది. నిప్పులు ఎర్రగా ఉన్నాయి. నాకూ సబబే అనిపించి తలుపు వేశాను.

కాసేపటికి పథ్యం తీసుకెళ్లి పిలిస్తే పలకలేదు. పాప ఒంట్లో కదలిక లేదు. నేనూ వరహాలమ్మా ఇద్దరినీ వరండాలోకి ఎలా లాగామో నాకు తెలియదు. పాప ఏడ్చేదాకా నా నోట ప్రార్థన కూడా రాలేదు, తమ్ముడూ. ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు: బొగ్గుల విషవాయువుకు రంగూ వాసనా ఉండవట. ఈ మిషన్ దుమ్మును పట్టగలదు గానీ దాన్ని పట్టలేదట. మూసిన గదిలో నిప్పులు పెట్టడమే తప్పట. ఇద్దరికీ గండం గడిచిందని ఇంటికి పంపాడు.

ఇంటికి వచ్చిన దగ్గర నుంచి విజయ గది గడప తొక్కలేదు. మంచం వరండాలోకి లాగించింది. కుంపటి తీసేశాం, కిటికీ తెరిచే ఉంచుతాం అన్నా వినదు. “నన్ను కొట్టు వదినా, లోపలికి మాత్రం రాను,” అంటుంది. ఏ మసి తగలకూడదని నువ్వు మిషన్ కొన్నావో, ఆ మసిలో, ఈ చలిలో పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటోంది. నిన్నటి నుంచి పాపకు ముక్కు దిబ్బడ. పాలు సరిగా తాగడం లేదు.

నీకు రాయవద్దని బతిమాలింది. “అంత మిషన్ కొనిచ్చినా బిడ్డను చూసుకోలేకపోయావంటారు.” నువ్వు అలాంటివాడివి కావని చెప్పాను. చెప్పి వచ్చి నీ ఉత్తరం మళ్లీ తీసి చదివాను. నిండా మిషన్ గురించే అడిగావు. విజయ గురించి చివర ఒక్క ముక్క.

సెలవు దొరకదని రాశావు. సెలవు కోసమని తప్పుడు టెలిగ్రాం నేను ఇవ్వను. ఈ ఉత్తరమే మీ సాహెబుకు చదివి వినిపించు. నా మాటకు లేవని మంచం నీ మాటకు లేస్తుంది. కానీ వచ్చీ రాగానే ఆమెను లోపలికి పిలవకు, తమ్ముడూ. చెప్పులు విడిచి, ముందు నువ్వే ఆ మంచం మీద కూర్చో.

ఇట్లు,
మీ ముగ్గురి కోసం మోకాళ్ల మీద ఉన్న
పెద్దక్క కరుణమ్మ